గుమాస్తా వేళ్లు చూసి రాసిన ప్రోగ్రాం

కాకినాడ భానుగుడి జంక్షన్ దాటాక ఒక సందులో, మందుల షాపు పైన మేడమీద ఉందా ఆఫీసు. బోర్డు లేదు. గోదావరి జిల్లాల రైసు మిల్లులకు, ధాన్యం కమీషన్ వ్యాపారులకు బిల్లింగు, స్టాకు ప్రోగ్రాములు రాసి, రాసినదాన్ని ఏళ్ల తరబడి నిలబెట్టి నడిపే చోటు. మనుషులు ఐదుగురు. నడిపే ఆయన యాభై దాటినవారు, చదివింది బీకాం, డిగ్రీ రోజుల్లోనే ఫాక్స్‌ప్రో పట్టుకున్నారు. తన పేరూ ఆఫీసు పేరూ రాయొద్దన్నారు. “రాస్తే ఫోన్లు పెరుగుతాయండి. ఉన్నవే ఎత్తలేకపోతున్నాం.”

ఫోన్ల మాట నిజమే. నేను వెళ్లింది పంతొమ్మిదో తారీఖున. నెలనెలా రిటర్నులు వేసేవాళ్లు పదకొండులోగా జీఎస్టీఆర్-1, ఇరవైలోగా జీఎస్టీఆర్-3బీ దాఖలు చేయాలి. అందుకని ఆ ఆఫీసుకు నెలకు రెండు జాతర్లు. ఒకమ్మాయి మాత్రం ఫోన్లు ఎత్తుతోంది. మిగతావాళ్ల ఫోన్లు సైలెంట్‌లో పెట్టి ఒక డబ్బాలో పడేసి ఉన్నాయి. తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా అంతే, రోజుకొకరి వంతు. ఇంట్లో పెద్దవాళ్లకు బాగోకపోతే ఎలాగని అడిగాను. వంతు ఉన్నవాళ్ల నంబరు అందరి ఇళ్లలోనూ ఉంటుందట. నిబంధన నాకు కాస్త బడి పంతులు వాలకంలా అనిపించింది. ఆ మూడు గంటల్లో గదిలో కీబోర్డు చప్పుడు తప్ప మాట వినపడకపోవడం చూశాక నోరు మెదపలేదు.

ఫోను ఎత్తే అమ్మాయి ముందు పొడుగాటి రూళ్ల పుస్తకం ఉంది. సాఫ్ట్‌వేర్ ఆఫీసులో రిజిస్టరు ఏమిటని నవ్వొచ్చింది. తేదీ, మిల్లు పేరు, వాళ్లు చెప్పింది, అసలు జరిగింది అని నాలుగు గడులు. మూడో గడిలో అవతలివాళ్ల మాట ఉన్నదున్నట్టు రాయాలి, మన భాషలోకి మార్చకూడదన్నది కట్టుబాటు. “కంప్యూటర్ పాడైపోయిందండి” అన్నదానికి ఎదురుగా “నమ్ లాక్ ఆగిపోయింది” అని ఉంది. “బిల్లు మింగేస్తోంది” అంటే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లో కాగితం వంకర. “మొన్నటి ధాన్యం కనపడ్డంలేదు” అన్నదానికి మాత్రం పక్కన ఎర్రసిరాతో గీత: అది వీళ్ల తప్పే, స్టాకు లెక్కలో గడువు తేదీని ఒకరోజు తక్కువగా తీసుకున్నారు. నెలాఖరుకు అందరూ కూర్చుని ఆ పుస్తకం చదువుతారు. ఒకే మాట పదేపదే వచ్చిందంటే మిల్లువాడికి అర్థంకాలేదని అనుకోరు, తెర మీద ఏదో సరిగా లేదనుకుంటారు. నమ్ లాక్ గోల అలాగే పోయింది. ఇప్పుడది ఆగిపోతే తెర పైన పచ్చటి పట్టీ మీద తెలుగులో హెచ్చరిక వస్తుంది.

కొత్తగా చేరినవాళ్లకు మొదటి వారం కంప్యూటర్ ముట్టుకునే పని ఉండదు. ఏదో ఒక మిల్లులో గుమాస్తా పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవాలి. లారీ వేబ్రిడ్జి ఎక్కుతుంది, లోడు బరువు, ఖాళీ బరువు, నికర బరువు. బస్తా డెబ్బై ఐదు కిలోల లెక్క. తేమ చూస్తారు, పదిహేడు శాతం దాటితే బేరం మొదలవుతుంది, తరుగు కోస్తారు. ఈ గొడవంతా నడుస్తుండగా గుమాస్తా ఎడంచేత్తో కాగితాలు పట్టుకుని కుడిచేత్తోనే బిల్లు కొడతాడు. అతని వేళ్లు నంబర్ల గడులూ ఎంటరూ దాటి పోవు. మౌస్ ఎక్కడో ఫైళ్ల కింద ఉంటుంది. ఇది కళ్లారా చూసిన కుర్రాడు అందమైన బటన్లు గీయడు. ఆయన నాకు బిల్లు కొట్టి చూపించారు. లారీ నంబరు దగ్గర మొదలై ప్రింటు దాకా ఎంటర్, అంకెలు, ఎంటర్, అంకెలు. చెయ్యి కదల్లేదు. పెద్ద కంపెనీల్లో ఇలాంటి పరిశీలనకు విడిగా ఒక విభాగమూ, దానికో పేరూ ఉంటాయి. ఇక్కడ కుర్చీ, మిల్లువాళ్లు ఇచ్చే టీ.

నాకు ఎక్కువ కాలం గుర్తుండేది పన్ను రేట్ల కథ. 2022 జూలై 18 నుంచి, ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం పాతిక కిలోల వరకు ఉంటే 5 శాతం జీఎస్టీ అన్నారు. అంతే, మార్కెట్లోకి ఇరవై ఆరు కిలోల సంచి దిగింది. మన వ్యాపారుల చురుకుదనం అలాంటిది! ఆయన పాత ప్రోగ్రాంలోనేమో సంచి అంటే పాతిక, యాభై, రెండే రకాలు. అంకెలు కోడు లోపల నాటుకుపోయి ఉన్నాయి. వారం పాటు ఊరూరా తిరిగి మార్చారట. ఆ తర్వాత మారే అవకాశమున్న అంకె ఏదీ కోడులో ఉండకూడదని తీర్మానం. రేటు, సంచి బరువు, ఏ తేదీ నుంచి అమలు, ఇవన్నీ ఒక పట్టికలో వరసలు. కొత్త రేటొస్తే కొత్త వరస చేరుతుంది, పాత వరసను ఎవరూ చెరపకూడదు.

చెరపకపోవడంలో కిటుకేమిటో కింద మందుల షాపులో తెలిసింది. వాళ్ల బిల్లింగూ ఈయనదే. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ శ్లాబులు మారి, చాలా మందులు 12 శాతం నుంచి 5కు దిగాయి. పట్టికలో ఆ తేదీతో వరసలు ముందే ఎక్కించి, అర్ధరాత్రి ఎవరూ మేలుకోకుండానే దాటించారట. కానీ ఇరవయ్యో తేదీన కొన్న మాత్రల అట్ట పాతికన వెనక్కొస్తే? కొన్ననాటి రేటు ప్రకారమే డబ్బు తిరిగివ్వాలి. పాత వరస ఉంది కాబట్టి ఇవ్వగలిగారు. దీన్ని ఆయన తెలివిగా చెప్పుకోలేదు. “కిరాణా కొట్టు చిట్టాలో పాత పేజీ చింపుతామా అండీ?” అన్నారంతే.

మధ్యాహ్నం ఒక కుర్రాడు పరీక్ష చేసే పద్ధతి చూశాను. బిల్లు సగం కొట్టి, సేవ్ నొక్కుతూనే గోడమీద స్విచ్చు ఆపేశాడు. నేను ఉలిక్కిపడ్డాను. మళ్లీ వేసి చూస్తే బిల్లు పూర్తిగా ఉండాలి, లేదా అసలు ఉండకూడదు. బరువు ఎక్కి డబ్బు ఎక్కకపోతే ఒప్పుకోరు. మిల్లుల్లో మోటార్లు ఆన్ చేసినప్పుడల్లా వోల్టేజి ఊగుతుంది, యూపీఎస్ బ్యాటరీలు మార్చేవాడుండడు. అందుకని ఈ పరీక్ష రకరకాల క్షణాల్లో చేస్తారు. ఆ పని కోసం ఒక పాత కంప్యూటర్ని బలిచ్చారు.

బ్యాకప్పుల గురించి అడిగితే ఆయన ఒక ముద్రిత నివేదిక చేతికిచ్చారు. గిట్‌ల్యాబ్ అనే కంపెనీ తన తప్పు గురించి తానే ప్రచురించింది. 2017 జనవరి 31 రాత్రి పొద్దుపోయాక డేటాబేసు ఇబ్బందితో కుస్తీపడుతున్న ఒక ఇంజినీరు, ఖాళీ చేయాల్సిన సర్వరు అనుకుని అసలుదాని ఫోల్డరు చెరిపేశాడు. ఆపేసరికి 300 జీబీలో నాలుగున్నర జీబీ మిగిలింది. బ్యాకప్పులు రకరకాలుగా తీస్తున్నామనే అనుకున్నారు. చూస్తే రోజువారీ బ్యాకప్పు సాఫ్ట్‌వేర్ వెర్షన్ కుదరక ఎప్పటినుంచో విఫలమవుతోంది, ఆ సంగతి చెప్పే ఈమెయిళ్లను అవతలి సర్వరు తిప్పికొడుతోంది. చివరికి ఆరు గంటల కిందట ఎవరో వేరే పనికి తీసిపెట్టిన నకలు ఆదుకుంది. మరమ్మతును యూట్యూబులో ప్రత్యక్షంగా చూపించారు కూడా. చెరిపిన మనిషి పేరు నివేదికలో లేదు. అది ఆయనకు బాగా నచ్చిన విషయం. పేరు రాస్తే తర్వాతివాడు తప్పు దాచేస్తాడంటారు.

ఈ ఆఫీసులో అసలు సర్వరు తెర ఎర్రగా, పరీక్ష సర్వరు ఆకుపచ్చగా ఉండడానికి కారణం ఆ నివేదికే. ప్రతి నెలా మొదటి శనివారం ఏదో ఒక మిల్లు బ్యాకప్పుని వేరే మిషను మీద తెరిచి, ముగింపు స్టాకు ఆ మిల్లువాళ్లు చెప్పే అంకెతో సరిపోతుందో లేదో చూస్తారు. తెరవని బ్యాకప్పు ఆయన లెక్కలోకి రాదు.

యువత వారానికి 70 గంటలు పనిచేయాలని ఇన్ఫోసిస్ నారాయణమూర్తి 2023లో అన్న మాట ఎత్తాను. “పెద్దాయన. ఆయన కట్టిన కంపెనీ చూసి మాట్లాడాలి, నాకంత లేదు” అని కాసేపు ఆగి, రిజిస్టరు వైపు చూపించారు. రాత్రి ఎనిమిది దాటాక రాసిన కోడు వల్లే ఎర్రగీతలు ఎక్కువట. అందుకే రాత్రి ఏదీ మిల్లులకు పంపరు, శుక్రవారమైతే అసలే పంపరు. వినడానికి బాగుంది. ఆయన మాత్రం పదింటిదాకా ల్యాప్‌టాప్ ముందే ఉంటారని ఫోన్ల అమ్మాయి చెప్పి నవ్వింది. యజమానులు తమకు పెట్టుకోని నిబంధనలు ఇతరులకు బాగా పెడతారు.

ఆయన్ని నిజంగా వేధించేది వేరే. పని వచ్చిందనుకునేసరికి పిల్లలు హైదరాబాదు బస్సెక్కుతారు. అక్కడి జీతం తాను ఇవ్వలేరు, ఆ మాట దాచరు కూడా. వెళ్లేవాళ్లను ఆపరు గానీ, చివరి పదిహేను రోజులు కొత్త పని ఇవ్వకుండా తెలిసినదంతా రాయిస్తారు. కోడులో కనిపించేది రాయక్కర్లేదు. కోడులో కనిపించనిది రాయాలి: ఏ మిల్లులో ఎవరు ఎలా మాట్లాడతారు, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారు, ఏది ప్రయత్నించి వదిలేశారు. ఫోన్ల అమ్మాయి ఆ నెలాఖరుకే వెళ్లిపోతోంది. సాయంత్రం ఆమె రాసిన కాగితాలు ఆయన తిరగేస్తుంటే నేనూ తొంగిచూశాను. ఒకచోట ఆయన ఆగారు.

“ద్రాక్షారామం మిల్లులో కంప్యూటర్ గడియారం వెనకబడుతుంది, తేదీ తప్పు పడితే ముందు అది చూడండి అని రాశావు. ఇది రాసేది కాదమ్మా, లోపల బ్యాటరీ మార్పించాలి.”

“చెప్పాను సార్, రెండుసార్లు. ఓనరు గారు వచ్చే నెల చూద్దామంటున్నారు.”

“అయితే అది కూడా రాయి.”