గాల్లో గంటన్నర

కర్నూలు విమానాశ్రయం నుంచి విశాఖకు గాల్లో దూరం దాదాపు 580 కిలోమీటర్లు. రెండుచోట్ల అక్షాంశాలు, రేఖాంశాలు తీసుకొని, భూమి వ్యాసార్థం 6,371 అనుకొని హేవర్‌సైన్ ఫార్ములాలో వేస్తే వస్తుంది. ఏటీఆర్ విమానం గంటకు సుమారు 500 పోతుంది. అంటే గంటా పది నిమిషాలు.

టికెట్ మీద మాత్రం అంత తక్కువ ఉండదు. రన్‌వే దాకా నేలమీద పాకడం, పైకెక్కడం, దిగేముందు నెమ్మదించడం, వీటికి దూరంతో పెద్దగా సంబంధం లేదు. మన భాషలో చెప్పాలంటే దూరం బై వేగం, ప్లస్ ఒక స్థిరాంకం. అనంతపురంలో ఉన్నోళ్లకు ఆ స్థిరాంకమే చాలా పెద్దది.

మా రూమ్మేట్‌ది విజయనగరం. పోయిన ఫిబ్రవరిలో ఒక రాత్రి తొమ్మిదింటికి వాడికి ఫోన్ వచ్చింది. "మా నానమ్మ పోయింది రా" అన్నాడు, అంతే. వాణ్ణి పెంచింది ఆవిడే. మర్నాడు మధ్యాహ్నం దాకా ఉంచుతామన్నారంట. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ సాయంత్రమే వెళ్లిపోయింది.

ముగ్గురం ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం. మాకు దగ్గరి రన్‌వే పుట్టపర్తిది, 80 కిలోమీటర్లు. 1990 నుంచీ ఉంది. 2022లో జిల్లాలు విడిపోయేదాకా మా జిల్లానే. అక్కడినుంచి విశాఖకు గీత గీస్తే 700. గీత ఉంది గానీ టికెట్లమ్మే విమానం లేదు. ఇక కర్నూలంటే ఓర్వకల్లు దాకా పోవాల. 2021 మార్చిలో అక్కడ విమానాలు మొదలైనప్పుడు విశాఖ సర్వీసూ ఉండింది. మాకు కావాల్సిన రోజుకు లేదు. వారంలో కొన్ని రోజులే తిరిగే విమానానికి సగటున ఎన్ని గంటలు కాచుకోవాలో మన ప్రాబబిలిటీ సార్‌ను అడగాలి. చావు షెడ్యూలు చూసి రాదు కదా.

మిగిలింది దేవనహళ్లి. హైవే 44 మీద పెనుకొండ, బాగేపల్లి, చిక్కబళ్లాపూర్ దాటి సుమారు 180 కిలోమీటర్లు. ఆంధ్రలోనే ఇంకో ఊరికి పోవడానికి కర్ణాటకలో విమానం ఎక్కాల! అక్కడినుంచి విశాఖ 775. కర్నూలు కంటే దూరమే, కానీ జెట్ కాబట్టి గాల్లో సమయం దాదాపు అంతే.

ధర చూసి వాడు ల్యాప్‌టాప్ మూసేశాడు. "వద్దులే రా. రైలుకే పోతాను. పదో రోజుకైనా అందుకుంటా."

మా ఇంకో రూమ్మేట్ కదిరోడు. శనక్కాయ పంట రెండేళ్లు చేతికి రాక వాళ్ల నాయన బెంగళూరులో సెక్యూరిటీ గార్డుగా చేస్తున్నాడు. వాడు ఆ నెల మెస్ డబ్బులు తీసి మంచం మీద పెట్టాడు. "నువ్వు ముందు బయల్దేరు బ్బా. మెస్సోళ్లకు నేను చెప్పుకుంటా." నేనూ కొంత వేశా. పదకొండున్నరకు బెంగళూరు బస్సు ఎక్కించాం.

మూడింటికి ఎయిర్‌పోర్టు మలుపు దగ్గర దిగాడు. ఆరున్నరకు విమానం. ఎనిమిది దాటాక విశాఖ, మళ్లీ బస్సు, ఆటో. పదిన్నరకు ఇల్లు. మొత్తం పదకొండు గంటలు, అందులో గాల్లో గంటన్నర.

"చూశాన్రా" అని మెసేజ్ పెట్టాడు. మేమేమీ రాయలేదు.

తిరిగి రావడం ప్రశాంతిలోనే, జనరల్ బోగీలో, ఒళ్లో ఆవకాయ సీసాతో వచ్చాడు. అంతకుముందు వేసవిలో ఆవిడ పెట్టిందేనంట. సగం కదిరోడే ఖాళీ చేశాడు.