జీపు అదే, ఇంజిన్ వేరే

మా వల్లూరు పావగడ తాలూకాలో ఉంది. లెక్కకు కర్ణాటక, మాటకు తెలుగు. నాయన తెలుగు, అమ్మ తుమకూరు వైపు కన్నడ. ఒకే విషయం మీద రెండు భాషల్లో వాదించుకోవడం మా ఇంట్లో మామూలే. పోయిన ఎండాకాలం సెలవులంతా ఆ వాదన తాత జీపు గురించే నడిచింది. దాని పెట్రోల్ ఇంజిన్ తీసేసి డీజిల్ ఇంజిన్ పెట్టించాలని నాయన, వద్దని తాత.

మహీంద్రా కంపెనీ 1947లో విల్లీస్ జీపులను ఇక్కడ బిగించి అమ్మడం మొదలుపెట్టింది. తాత సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది ఆ వంశంలోని సీజే-3బి. పాత జీపుల కంటే దీని బానెట్ ఎత్తు. లోపలున్న హరికేన్ ఇంజిన్ పొడుగు కావడమే దానికి కారణం. 2.2 లీటర్ల ఇంజిన్, 4 సిలిండర్లు. గాలిని లోపలికి తీసుకునే వాల్వులు తలమీద, పొగను వదిలేవి పక్కన బ్లాకులో ఉంటాయి.

ఆ జీపులో శెనక్కాయ మూటలు పోయాయి, పెళ్లివాళ్లు పోయారు, కాన్పు నొప్పులతో ఆడవాళ్లు ఆస్పత్రికి పోయారు. కానీ దానికి అలకలు ఎక్కువ. వానకు తడిస్తే డిస్ట్రిబ్యూటర్‌లో చెమ్మ చేరి ఆగిపోతుంది. పాయింట్లు కాలిపోతాయి. మా ఎండలకు పైపులో పెట్రోలే ఆవిరై దారిలో నిలబడిపోతుంది. అప్పుడు తాత పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ వేసి, చెట్టుకింద కూర్చుని బీడీ ముట్టించేవాడంట. అది చల్లబడాలి, ఈయనా చల్లబడాలి.

తర్వాత మా ఊరికి సోలార్ పార్కు వచ్చింది. తిరుమణి, వల్లూరు, చుట్టుపక్కల ఊళ్లు కలిపి 5 గ్రామాల్లో 13,000 ఎకరాలు. 2018 మార్చిలో ప్రారంభించారు. భూములు కొనలేదు, కౌలుకు తీసుకున్నారు, ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలుపెట్టి. మా శెనక్కాయ చేను కూడా అందులో పోయింది. మోయడానికి మూటలు లేక జీపు కొట్టంలోకి చేరింది.

మళ్లీ దాన్ని బయటికి తీయాలని నాయన పట్టుబట్టింది జేజి కోసం. ఆమెకు ఆయాసం. అది రాత్రిపూటే వస్తుంది.

"ఇంజిన్ తీసేస్తే ఇంగ దాంట్లో నాదేముందిరా?" అన్నాడు తాత.

"రేత్రి రెండు గంటలకు అమ్మకు ఆయాసమొస్తే అది స్టార్టవుతాదా? నువ్వే చెప్పు నాయనా" అన్నాడు మా నాయన.

అమ్మ కన్నడంలో ఒక్క ప్రశ్న వేసింది: "ఆమేలె అదు అదే గాడీనా?" ఆ తర్వాత కూడా అది ఆ బండేనా అని. ఎవ్వరూ జవాబివ్వలేదు. చివరికి తాత జేజి వైపు ఒకసారి చూసి తాళంచెవి నాయన చేతిలో పెట్టాడు.

హిందూపురంలో షెడ్డు. తుక్కుకు పోయిన ఒక మహీంద్రా బండి నుంచి 2523 సీసీ డీజిల్ ఇంజిన్ దొరికింది. మేస్త్రి నాకు ఓపిగ్గా చెప్పాడు. డీజిల్‌కు ప్లగ్గు లేదు, కాయిలు లేదు, పాయింట్లు లేవు. పాత పెట్రోల్ ఇంజిన్ గాలిని దాదాపు 7 రెట్లు నొక్కితే, ఇది దాదాపు 18 రెట్లు నొక్కుతుంది. ఆ నొక్కుడుకే గాలి భగ్గుమనేంత వేడెక్కుతుంది. అందులో నాజిల్ డీజిల్ చల్లితే దానంతటదే మండుతుంది. చెమ్మకు చెడేవి చాలావరకు ఇందులో లేనే లేవు. నమ్మకం అక్కణ్ణుంచి వస్తుంది.

పాతది దించి కొత్తది పెట్టేస్తే అయిపోతుందనుకుంటాం. కాదు. ఇంజిన్‌కు, పాత గేర్‌బాక్స్‌కు బోల్టు రంధ్రాలు కలవవు. మధ్యలో ఒక ప్లేటు చేయించాలి, అది వెంట్రుకవాసి పక్కకు జరిగినా షాఫ్టు అరిగిపోతుంది. బరువెక్కువ కాబట్టి ముందు కమాన్ పట్టీలు బలమైనవి వేయాలి. అదురు ఎక్కువ కాబట్టి కొత్త మౌంటింగులు కావాలి. నొక్కుడు ఎక్కువ కాబట్టి తిప్పడానికి పెద్ద బ్యాటరీ కావాలి. మిగిలిన డీజిల్ వెనక్కి రావడానికి ట్యాంకుకు ఇంకో పైపు వేయాలి. రేడియేటర్, క్లచ్, బ్రేకులు అన్నీ మళ్లీ చూసుకోవాలి. ఇంత చేసినా వేగం తగ్గుతుంది. ఆక్సిల్ గేరు 5.38, డీజిల్ ఇంజిన్ పెట్రోల్‌దంత వేగంగా తిరగదు.

కాగితాలు వేరే పని. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్నదానికి తేడా వచ్చేలా బండిని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. అనుమతి తీసుకుని, కొత్త ఇంజిన్ నంబరు, ఇంధనం రాయించుకోవాలి. నాయన ఆ పని ముందే చూసుకున్నాడు. ఛాసిస్ నంబరు మాత్రం పాతదే.

షెడ్డులో కూర్చుని నేను మా చేను గురించి ఆలోచించాను. పహణీలో ఇప్పటికీ తాత పేరే ఉంది. చేను అదే, దాని పని వేరే. శెనక్కాయ పండిన చోట కరెంటు పండుతోంది. కౌలు డబ్బు వస్తుంది, నా కాలేజీ ఫీజు కూడా అందులోదే. కానీ చేను మారినప్పుడు పక్కనున్నవన్నీ సరిచూసిన మేస్త్రి ఎవరూ లేరు. ఎద్దులు అమ్ముడుపోయాయి. కూలికి వచ్చే అక్కలకు, సొంత సెంటు కూడా లేనివాళ్లకు, కౌలు రాదు, పని కూడా పోయింది. తాతకు తెల్లారితే ఎక్కడికి పోవాలో తెలియదు. ఆయన బాధ ఇంజిన్ గురించి మాత్రమే కాదని నాకు అక్కడ అర్థమైంది.

వినాయక చవితి సెలవుల్లో జేజికి రాత్రి ఆయాసం ఎక్కువైంది. బయట వాన. జీపు మొదటి తిప్పుకే స్టార్టయింది. పావగడ చేరేదాకా తాత జేజి వీపు నిమురుతూనే ఉన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం, "శబ్దం అచ్చం ట్రాక్టరే" అని సణిగాడు. జేజి నవ్వింది.

పాత హరికేన్ ఇంజిన్ ఇప్పుడు కొట్టంలో గోనెసంచుల కింద ఉంది. తుక్కుకు వేద్దామని నాయన, ఉండనీ అని తాత. మా ఇంట్లో వాదన ఇంకా తెగలేదు. నేను మాత్రం అమ్మొద్దని రెండు భాషల్లోనూ చెప్పాను. పాయింట్లు ఎలా సెట్ చేయాలో తాత నాకు నేర్పిస్తానన్నాడు. ఆయనకు తెల్లారితే ఒక పని ఉంటుంది.