శేషమెంత?

మోయువారి సంఖ్య పెరిగినంతమాత్రమున భారము పంచబడినదని మనము తలంచుచుందుము. ఇది భ్రమ యని గడచిన వేసవి సెలవులలో నాకొక యంత్రము బోధించినది.

మా విద్యార్థులు గ్రామములకు బోయి వృద్ధులచే పాడించి తెచ్చిన పాటలు, చెప్పించిన కథలు దృశ్యరూపమున మా పాఠశాల కంప్యూటరులోని రెండు డిస్కులలో నుండెను. ఒక్కొక్కటి 4 టెరాబైట్లది. వానిని నడపునది బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అను వ్యవస్థ. 2009లో లినక్సునందు చేరినది. ప్రతి ఫైలునకు రెండు ప్రతులు వేఱువేఱు డిస్కులపై నుండవలెనని మేము నియమించుకొంటిమి. పాడినవారిలో కొందఱు నేడు లేరు. ఒక డిస్కు చెడినను వారి కంఠము నిలువవలెను గదా!

అవి నిండవచ్చినంతట అదే పరిమాణము గల మూడవదానిని చేర్చితిమి. కొన్నాళ్లకే చోటు లేదని యంత్రము మొఱపెట్టెను. క్రొత్త డిస్కు చూడబోయిన ఇంచుమించు ఖాళీ! విచారింపగా కారణము తెలిసినది. క్రొత్తది వచ్చినదని పాతవానిలోని సరకు తనంత కదలదు. క్రొత్త ఫైలుయొక్క ఒక ప్రతి క్రొత్తదానిపై జేరినను, రెండవ ప్రతికి పాతవానిలోనే చోటు కావలెను, అది తీరిపోయినది.

కావున అనవసరమైన ఫైళ్లు కొన్ని తీసివేసి, బ్యాలెన్సు అను పంపకమునకు ఆజ్ఞ యిచ్చితిని. ఆ వ్యవస్థ సాధారణముగా గిగాబైటు పరిమాణము గల ఖండములను ఒకదాని తరువాత నొకటి చదివి, వేఱొకచోట వ్రాసి, ఆ వ్రాత స్థిరపడిన పిమ్మటనే పాతచోటు విడుచును.

మఱునాటి యుదయమున స్థితి యడుగగా 92 శాతమని కనబడెను. సాయంకాలమునకు ముగియునని ప్రధానోపాధ్యాయులకు సంతోషముతో జెప్పితిని. సాయంకాలము చూడగా 88! నా గుండె జల్లుమనెను. అప్పుడుగాని ఆ యంకె ప్రక్కనున్న 'లెఫ్ట్' అను మాటను చూడనైతిని. అది జరిగినది కాదు, మిగిలినది. ఆంగ్లము బోధించువాడనై యుండియు ఒక్క మాట చదువక మోసపోతిని.

నాటినుండి శాతమును మాత్రమే నమ్ముట మాని, ఏ డిస్కుపై నెంత యున్నదో ఉదయ సాయంకాలములు నోటుపుస్తకములో వ్రాసికొంటిని. పాతవి 3.9 టెరాబైట్లనుండి తగ్గుచు, క్రొత్తది పెరుగుచు, కడపట మూడును 2.7 యొద్దకు వచ్చినవి. పిమ్మట స్క్రబ్ అను పరీక్షచే రెండు ప్రతులును చెక్కు చెదరలేదని నిశ్చయించుకొంటిని.

ఆ పుస్తకము మూయబోవుచుండగా మఱియొక లెక్క తలపునకు వచ్చెను. మా తమ్మునికి వివాహమై మఱదలు ఇంటికి వచ్చిననాడు, "ఇక నీకు విశ్రాంతియే" యని నా భార్యతో నంటిని. పాత పనులన్నియు ఆమెయొద్దనే నిలిచినవి. అమ్మ జబ్బుపడగా వచ్చిన క్రొత్త పనులన్నియు మఱదలిపై బడినవి. ఇద్దఱును అలసిరి. చేతులు పెరిగినవి గాని పంపకము జరుగలేదు. ఉన్న పనిని ఒక చేతినుండి మఱియొక చేతికి మార్చుట తనంత నగునది కాదు. ఎవరైన పూనుకొనవలెను, కొన్నాళ్లు శ్రమపడవలెను.

పుస్తకము వెనుకపుటలో ఇంటిపనులు వరుసగా వ్రాసి, ఒక్కొక్కదాని కెదురుగా చేయువారి పేరు వ్రాసితిని. వంట, నీళ్లు, అమ్మ మందులు, పిల్లల చదువు, వచ్చిపోవువారి మర్యాద. ఆ యిరువురి పేళ్లతోనే పుట నిండెను. మా యన్నదమ్ముల పేళ్లు చెఱియొక మాఱు మాత్రమే వచ్చినవి. మా యింట ఖాళీగా నున్న డిస్కు లేవో అప్పుడు తెలిసినది.

ఇప్పుడు అమ్మ మందులు నావి; ఉదయపు వంట తమ్మునిది. మొదటివారము అన్నము మాడినది, అమ్మ నవ్వినది. శేషము చాల నున్నది. ఆ యంకెను మాత్రము ఈమాఱు సరిగానే చదువుచున్నాను.