ఎర్రదీపం చెప్పిన మాట

మొన్నామధ్య కరీంనగర్ నుంచి ఆదిలాబాద్‌కు బయలుదేరే ముందురోజు, కారులో ఎయిర్‌బ్యాగ్ గుర్తున్న ఎర్రదీపం వెలిగి, ఇక ఆరలేదు.

"బండి మంచిగనే నడుస్తుంది గద సార్, దాని మీద నల్లటేపు అంటిస్త" అన్నాడు వీధి చివరి మెకానిక్. నిజం చెప్పొద్దూ, సరేననబోయాను.

ఎందుకో మనసొప్పక మరో షెడ్డుకు వెళ్ళాను. అక్కడి పెద్దాయన స్కానర్ తగిలించాడు. పక్కసీటు బెల్టు ప్రిటెన్షనర్ సర్క్యూట్‌లో రెసిస్టెన్స్ ఎక్కువని తేలింది. కారు గుద్దుకున్న క్షణంలో, రెప్పపాటుకన్నా ముందే, చిన్న మందుగుండు పేలి బెల్టు వదులును లాగిపట్టే పరికరమది. దీపం వెలుగుతున్నంతకాలం అది ఆదుకుంటుందన్న భరోసా లేదు.

"దీనికి మామూలు మీటరు పెట్టద్దు సారూ, ఆ కరెంటుకే పేలచ్చు" అంటూ ఆయన బ్యాటరీ తీగ విప్పి, పది నిమిషాలు ఊరికే కూర్చున్నాడు. నిలవ ఉన్న విద్యుత్తు దిగిపోవాలట. తరువాత సీటు కింద చేయిపెట్టి పసుపురంగు కనెక్టరు చూపించాడు. సగం ఊడి ఉంది. మెట్‌పల్లిలో కొన్న పసుపు సంచిని అక్కడికి కాలితో తోసింది నేనే!

శుభ్రం చేసి, టక్కుమనేదాకా నొక్కి, కోడ్ తుడిచాడు. దీపం క్షణకాలం వెలిగి ఆరింది. కొత్త సామానేదీ కావలసిరాలేదు.

మర్నాడు నిర్మల్ దాటాక, మహబూబ్ ఘాట్ మలుపుల్లో, ఆ పక్కసీటులోనే అమ్మ బెల్టు పెట్టుకుని నిశ్చింతగా నిద్రపోయింది. బెల్టు పెట్టుకోనివారికి 2019 చట్టసవరణ వెయ్యి రూపాయల జరిమానా రాసింది. హెచ్చరిక మీద నల్లటేపు అంటించుకోబోయినవాడికి ఎంత రాయాలో?