తలుపు మీది అంకె.. బిగ్ బెండ్ దారి

కొత్తగా పికప్ ట్రక్ కొన్నవాళ్లకి మొదటి నెలంతా ఒకటే పని. రాత్రి పదయ్యాక ఫోన్ పట్టుకుని యాక్సెసరీల వీడియోలు చూడటం. పైన విప్పుకునే రూఫ్‌టాప్ టెంటు, ముందు స్టీల్ బంపర్, దానికో వించ్, వెనక తొట్టిలో లాగితే వచ్చే సొరుగులు, పక్కకి నీడనిచ్చే ఆనింగ్... చూసేకొద్దీ కార్ట్ నిండిపోతూ ఉంటుంది. డాలస్‌లో ఉద్యోగం చేస్తూ టొయోటా టకోమా కొన్న నాదీ అదే పరిస్థితి. కాకపోతే నా ట్రక్కులో మొదటి లాంగ్ ట్రిప్‌కి ఎక్కాల్సింది ఫ్రెండ్స్ కాదు. ఆరు నెలలకని గుంటూరు జిల్లా నుంచి వచ్చిన అమ్మానాన్న. వెళ్లాల్సింది టెక్సస్ చివర, మెక్సికో సరిహద్దులో ఉన్న బిగ్ బెండ్ నేషనల్ పార్క్‌కి.

అందుకే ఏదీ ఆర్డర్ పెట్టకముందే డ్రైవర్ తలుపు తెరిచి, లోపలి అంచున ఉండే స్టిక్కర్ చదివాను. మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించకూడదని అందులో ఒక అంకె ఉంటుంది. నా ట్రక్కుకి అది 1,240 పౌండ్లు, అంటే సుమారు 562 కిలోలు. అదే మోడల్ అయినా ఆప్షన్లని బట్టి బండి బండికీ మారుతుంది కాబట్టి, బ్రోచర్‌లో అంకెని కాదు, మీ తలుపు మీదున్నదాన్నే నమ్మాలి. ట్యాంకు నిండా పెట్రోలు ఆ లెక్కలో ముందే పోయి ఉంటుంది. డ్రైవర్ మాత్రం పోడు, ఆయన బరువూ మనమే కలుపుకోవాలి.

సున్నా మిగిలింది

నేనూ, మా ఆవిడా, అమ్మా, నాన్నా కలిపి 620 పౌండ్లు. సగం అయిపోయింది. మిగిలిన 620లో నా విష్‌లిస్ట్ వేసి చూశాను. టెంటు 150, దాన్ని మోసే రాక్ 80, సొరుగులు 200, బంపర్, వించ్ వల్ల అదనంగా పడే బరువు 150, ఆనింగ్ 40. మొత్తం 620. మిగిలేది సున్నా. ఇంకా నీళ్లు ఎక్కలేదు, బియ్యం ఎక్కలేదు, అమ్మ పచ్చళ్ల సీసాలూ ఎక్కలేదు!

స్ప్రింగులు గట్టివి వేయిస్తే సరిపోతుందిగా అంటారు కొందరు. వేయిస్తే వెనక భాగం కిందికి దిగకపోవచ్చు. కానీ బ్రేకులు, యాక్సిల్, టైర్లు అవే కదా. స్టిక్కర్ మీద అంకె మారదు. మన భాషలో చెప్పాలంటే మెమరీ అంతే ఉంది, ఏ ప్రాసెస్‌ని చంపాలో మనమే తేల్చుకోవాలి. యాక్సెసరీ మీద రాసేది ధర ఒక్కటే. దాని రెండో ధర పౌండ్లలో ఉంటుంది, అది ప్రతి ట్రిప్పులోనూ కడుతూనే ఉండాలి.

చివరికి ఏం బిగించామంటే... తొట్టిలో జారకుండా రబ్బరు మ్యాట్, మడిచి పెట్టుకునే సాఫ్ట్ కవర్, ఎక్కడానికి రెండు వైపులా సైడ్ స్టెప్స్. "ఒరేయ్, దీన్నెక్కాలంటే నిచ్చెన కావాలి కదరా" అని మోకాళ్లు పట్టుకుని అమ్మ అన్న మాటకి జవాబు ఆ స్టెప్స్. వీడియోల్లో వాటిని ఎవరూ పొగడరు. మా ఇంట్లో మాత్రం ఎక్కువ వాడింది వాటినే.

మిగతావన్నీ దించేసుకునే సామాన్లు. నేల మీద వేసే రెండు టెంట్లు, అమ్మానాన్నకి మడత మంచాలు, చిన్న ఫ్రిజ్, దాన్ని నడిపే పవర్ స్టేషన్, గాలి కొట్టే కంప్రెసర్, గ్యాస్ స్టవ్. ఎడారి కాబట్టి మనిషికి రోజుకి కనీసం ఒక గ్యాలన్ నీళ్లు పెట్టుకోవాలి. రెండు రాత్రులకి పది గ్యాలన్లు తీసుకున్నాం, అవే 83 పౌండ్లు. దుప్పట్లు, బట్టలతో సహా అంతా కలిపి 570 దాకా తేలింది. 50 పౌండ్లు ఖాళీ. పచ్చళ్లకి వీసా దొరికింది.

నాన్న పాఠం

ఇక్కడ ట్రక్ కొన్నవాడికి స్నేహితులు ఉన్నట్టుండి పెరుగుతారు. ఒకరి సోఫా, ఇంకొకరి ఇల్లు మారడం, వినాయక చవితికి పందిరి సామాను. ట్రిప్‌కి రెండు వారాల ముందు ఓ ఫ్రెండ్ ఇల్లు మారుతుంటే అద్దె ట్రెయిలర్ తగిలించాం. నాన్న చుట్టూ ఓసారి తిరిగి, "బరువంతా ఇరుసుకి కాస్త ముందుకి సర్దండ్రా. వెనక బరువెక్కితే కాడి పైకి లేస్తుంది" అన్నారు. ఎడ్లబండి తోలిన మనిషి ఆయన.

ఇక్కడి రూలూ అదే. ట్రెయిలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ట్రక్కు కొక్కెం మీద పడాలి. తక్కువైతే హైవే మీద ట్రెయిలర్ పాములా ఊగుతుంది. 2,000 పౌండ్ల ట్రెయిలర్ అనుకుంటే కొక్కెం మీద 200 నుంచి 300. అదీ మళ్లీ తలుపు మీది అంకెలోంచే పోతుంది! ఇక తొట్టి పొడవు ఐదడుగులే కాబట్టి చెక్కలు, పైపులు బయటికి వస్తాయి. టెక్సస్‌లో నాలుగడుగులు దాటి వెనక్కి పొడుచుకొస్తే పగలు ఎర్ర జెండా కట్టాలి. మన ఊళ్లో వెదురు లారీలకి ఎర్ర గుడ్డ కట్టినట్టే.

దక్షిణానికి

నవంబరు మొదటి వారంలో తెల్లవారుజామునే బయల్దేరాం. డాలస్ నుంచి బిగ్ బెండ్ అంటే ఆగకుండా వెళ్లినా తొమ్మిది గంటల పైమాటే. ఐ-20 మీద పడమరకి వెళ్తే మిడ్‌ల్యాండ్, ఒడెస్సా. దారికి రెండు వైపులా తలూపుతూ ఆయిల్ పంపులు. "ఏతాములు ఇంకా వాడుతున్నారే" అని అమ్మ నవ్వింది. ఒడెస్సా నుంచి 385 పట్టుకుంటే ఫోర్ట్ స్టాక్‌టన్, తర్వాత మారథాన్ అనే చిన్న ఊరు. అక్కడ ట్యాంకు నింపుకుని తీరాలి. పార్క్‌లో ప్యాంథర్ జంక్షన్ దాకా ఇంకో 70 మైళ్లు, మధ్యలో ఊరన్నదే లేదు.

1944లో ఏర్పడిన ఈ పార్క్ ఎనిమిది లక్షల ఎకరాలకి పైనే. మేం పర్మిట్ తీసుకున్న సైటు గ్రేప్‌వైన్ హిల్స్ మట్టి రోడ్డు మీద. టైర్లలో కాస్త గాలి తగ్గించి, మెల్లగా పోయాం. గులకరాళ్ల మీద ట్రక్ ఎక్కడా కింద తగల్లేదు, వెనక కుంగలేదు. పార్క్‌లో నేల మీద మంట వేయడం నిషేధం కాబట్టి వంట గ్యాస్ స్టవ్ మీదే. వేడన్నం, గోంగూర పచ్చడి. ఎదురుగా చిసోస్ కొండలు ఎర్రబడి, నల్లబడి, చీకట్లో కలిసిపోయాయి.

ఆ తర్వాత ఆకాశం. బిగ్ బెండ్‌కి 2012లో అంతర్జాతీయ డార్క్ స్కై పార్క్ గుర్తింపు వచ్చింది. అలాస్కా, హవాయి పక్కన పెడితే అమెరికా నేషనల్ పార్కుల్లో లైట్ల కాలుష్యం అతి తక్కువగా ఉన్నది ఇక్కడే. నాన్న తొట్టి వెనక తలుపు దించుకుని కూర్చుని, తూర్పున చుక్కల గుంపు చూపించి "పిల్లలకోడి" అన్నారు. ఊళ్లో వీధిలైట్లొచ్చాక అంత బాగా చూడలేదట. మా ఆవిడ స్కై యాప్ తెరిస్తే ఇంగ్లిష్‌లో ఇంకో పేరుంది. అమ్మ ఫోన్ ఆపేయమంది.

మర్నాడు సాంటా ఎలీనా క్యాన్యన్ చూశాం. 1,500 అడుగుల గోడల మధ్య రియో గ్రాండే. ఇవతలి గోడ అమెరికా, అవతలిది మెక్సికో. పాస్‌పోర్టులు జేబులో పెట్టుకు తిరిగే మా నలుగురికీ ఆ సన్నటి నీటిపాయ చూస్తే ఏదోలా అనిపించింది.

మీరూ ట్రక్ కొన్నారా? కొనండి, బిగించుకోండి, సరదా తీర్చుకోండి. రూఫ్‌టాప్ టెంటు ఇద్దరే వెళ్లే ట్రిప్‌కి బ్రహ్మాండంగా ఉంటుంది. కాకపోతే కార్ట్‌లో బటన్ నొక్కేముందు తలుపు తీసి ఆ స్టిక్కర్ ఒక ఫొటో తీసుకోండి. అందులోంచి ముందుగా తీసేయాల్సింది మీతో వచ్చేవాళ్ల బరువు. బోల్టులేసి బిగించిన ఇనుము ప్రతి ట్రిప్‌కీ వస్తుంది. అమ్మానాన్నకి వీసా ఆరు నెలలే.