పాపికొండల నడుమ రెండు దినములు

షాలిబండలోని మా యింట నీటిభయము తరతరములది. 1908 సెప్టెంబరు 28వ తేదీ మూసీ వరదలో మా అత్తగారి నాయనమ్మ, చిన్నపిల్లయై, అఫ్జల్‌గంజి చింతచెట్టునెక్కి బ్రదికెను. ఆ చెట్టు 150 మందిని కాచినదని చెప్పుకొందురు. కావుననే 2018 మాఘమాసమున, భద్రాచలము దర్శించి మేము పోచవరమున లాంచి యెక్కబోవ, అత్తగారు రేవున నిలిచిపోయిరి. "రాముని దర్శనమైనది బిడ్డా, ఇక ఇంటికి పోదము" అనిరి. తుదకు మా పిల్లది చేయి పట్టి యెక్కించినది.

కొండల నడుమ గోదావరి మిక్కిలి సన్నబడి, నీరు నల్లనై, సద్దులేక సాగుచుండెను. లాంచిలో తొడిగించిన బెండుచొక్కాను అత్తగారు పేరంటాలపల్లి శివాలయము మెట్లపై గూడ విప్పరైరి! అచ్చట కొండరెడ్డి స్త్రీలు వెదురు సన్నగా చీరి పూవులు చేసి అమ్ముచుండిరి. మేము బేరమాడితిమి, తలచుకొన్న నిప్పటికిని సిగ్గగును.

రాత్రి కొల్లూరి యిసుకతిన్నెపై వెదురుగుడిసెలలో బస. నడిరేయి చూడ అత్తగారు పడకపై లేరు. గుండె ఝల్లుమని పరుగెత్తితిమి. ఆమె ఒడ్డున కూర్చుండి పాదములు నీట నుంచి యుండిరి. "అవ్వ చెప్పిన నది యిది కాదు బిడ్డా" అనిరి.

మరునాడు జాలరి దోనెలో అందరికంటె ముందామెయే కూర్చుండిరి.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద పడవ మునిగిన వార్త వచ్చిననాడు ఆమె అన్నము ముట్టలేదు. దేవునిగూటిలోని వెదురుపూవులను దింపి, తుడిచి, మరల నచ్చటనే యుంచిరి.