నంది కొండ రాళ్లు

బాగేపల్లి నుంచి బెంగళూరు పోయే దారిలో చిక్కబళ్లాపురం దాటగానే నంది కొండ కనిపిస్తుంది. అది కనిపించినప్పుడల్లా నాకు విలియం మెడోస్ గుర్తొస్తాడు.

1738లో పుట్టిన ఈ ఆంగ్ల సేనాని అమెరికాలో పోరాడి గాయపడ్డాడు, సెయింట్ లూసియాలో మళ్లీ గాయపడ్డాడు. తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. 1791 అక్టోబరులో ఇక్కడికొచ్చాడు. ఆంగ్ల సేనలోని మేజర్ గౌడీ అప్పటికే మూడు వారాలుగా ఫిరంగులను ఏటవాలు మీదికి ఈడ్పించి, కొండ మీది టిప్పు సుల్తాను కోటగోడకు గండ్లు కొట్టించాడు. 18వ తేదీ రాత్రి, వెన్నెల్లో, దాడికి మెడోసే ముందు నిలిచాడు. కింద మందుపాతర ఉందేమోనని ఎవరో గుసగుసలాడితే, ఉంటే అది బంగారు గనే అయ్యుంటుందన్నాడట. వాళ్ల భాషలో రెంటికీ ఒకటే మాట.

కానీ నా మనసు ఆ మాట దగ్గర ఆగదు. పైనుంచి దొర్లించిన బండరాళ్ల కింద నలిగినవాళ్ల దగ్గర ఆగుతుంది. ఆ రాత్రి తుపాకుల కంటే రాళ్లే ఎక్కువ మందిని కూల్చాయి. ఎక్కుతున్న సిపాయిల్లో మన తెలుగువాళ్లూ ఉండి ఉంటారు. వాళ్ల పేర్లు ఎవరు రాసుకున్నారు?

నాలుగు నెలలకు, శ్రీరంగపట్నం దగ్గర చీకట్లో మెడోస్ దళం అసలు పోరుకు అందకుండా పోయింది. ఆ అవమానం భరించలేక పిస్తోలుతో తనను తానే కాల్చుకున్నాడు. బతికాడు. 1813 దాకా బతికాడు. ఫిరంగికి జంకని మనిషిని ఒక్క రాత్రి పొరపాటు అంతగా కుంగదీసిందంటే, శత్రువైనా నాకు జాలే కలుగుతుంది.

కొండ కింద భోగనందీశ్వరుడి గుడి మెట్ల మీద కూర్చుని పైకి చూస్తాను. వానకు నల్లబడ్డ ఆ బండలు ఎండలో మెరుస్తుంటాయి.